బెంగళూరు తెలుగు స్లామ్‌లో మార్కులు ఉండాలా, వద్దా?

మారతహళ్లి నుంచి (చర్చ మొదలుపెట్టినవారు):
ఇక్కడి ఓపెన్ మైకుల్లో ఇంగ్లిష్, హిందీ, కన్నడ కవితల మధ్య మనం ఒక తెలుగు కవిత చదివి దిగిపోతున్నాం. తెలుగుకే ఒక సాయంత్రం పెడదామని కొందరం అనుకుంటున్నాం. పేచీ ఒక్కచోటే వస్తోంది. స్లామ్ పద్ధతిలో, అంటే కవులు వేదిక మీద చదివి పోటీపడే పద్ధతిలో, ప్రేక్షకుల చేత మార్కులు వేయిద్దామని సగం మంది. చదువుకుని, చప్పట్లు కొట్టి వెళ్దామని మిగతా సగం. మీరేమంటారు?

వయ్యాలికావల్ నుంచి:
మార్కులు వద్దు బాబూ. ఒక పిల్లవాడు మనసు విప్పి చదివాక ఎవరో పలక మీద ఆరున్నర అని రాసి ఎత్తి చూపిస్తే మళ్లీ వేదిక ఎక్కుతాడా? కవుల మధ్య పోటీ మన సంప్రదాయం కాదు. తప్పదంటే సాహిత్యం తెలిసిన ముగ్గురు పెద్దలను న్యాయనిర్ణేతలుగా పిలవండి.

కోరమంగల నుంచి:
పెద్దవారు, మీ మాట తీసేస్తున్నానని అనుకోవద్దు. కానీ పోటీ మనది కాదంటే ఒప్పుకోలేను. తమను గెలిచే కవులుంటే మీసాలు తీసేసి వాళ్ల పాదాలకు మొక్కుతామని తిరుపతి వేంకటకవులు పద్యం కట్టి మరీ సవాలు చేశారు. అవధానంలో నిషిద్ధాక్షరి ఇచ్చే పృచ్ఛకుడు, అంటే ప్రశ్న వేసేవాడు, పద్యం చెబుతున్న అవధాని నోట్లోంచి రాబోయే అక్షరాన్ని పసిగట్టి అడ్డం కొడతాడు. అంతకంటే పోటీ ఏముంటుంది? ఇదే బెంగళూరులో శతావధాని ఆర్. గణేశ్ గారు కన్నడంలో అవధానం చేస్తుంటే జనం కుర్చీ అంచున కూర్చుని వింటారు. మన పద్యనాటకాల్లో నచ్చిన పద్యానికి వన్స్ మోర్ అని అరిచిందీ ప్రేక్షకులే, పండితులు కాదు.

స్లామ్ పుట్టిందీ అందుకే. షికాగోలో నిర్మాణ రంగంలో పనిచేసిన మార్క్ స్మిత్, కవితా పఠనాలు చప్పగా సాగుతున్నాయని, వినేవాళ్లకు కాస్త అధికారం ఇవ్వాలని 1986లో గ్రీన్ మిల్ అనే క్లబ్బులో దీన్ని మొదలుపెట్టాడు. ప్రేక్షకుల్లోంచి ఐదుగురిని అప్పటికప్పుడు ఎంచుతారు. సున్నా నుంచి పది దాకా మార్కులు. అన్నిటికంటే ఎక్కువది, తక్కువది తీసేసి మిగతా మూడూ కలుపుతారు, అంటే మొత్తం ముప్పైకి. సొంత కవితే చదవాలి, మూడు నిమిషాలు. ఇంకో పది సెకన్లు ఓపిక పడతారు, ఆ తర్వాత ప్రతి పది సెకన్లకూ అర మార్కు కోత.

ఆ మూడు నిమిషాల నియమం కోసమైనా నాకు స్లామ్ కావాలి. మన కవి సమ్మేళనాల్లో జరిగేది చూడండి. తన వంతు వచ్చేదాకా కవి కాగితం మడత పెడుతూ, విప్పుతూ కూర్చుంటాడు. పక్కవాడి కవిత చెవికెక్కదు. తన కవితకు ముందు ఐదు నిమిషాల ముందుమాట, చదవడం, శాలువా, ఫొటో, ఆపై బయటికి. చివరి కవి లేచేసరికి ఎదురుగా మైకు ఆపేవాడు, కుర్చీలు సర్దేవాడు. కొత్తగా రాసే అమ్మాయిని చివర్లో పిలిచి, "సమయాభావం వల్ల నాలుగు లైన్లే చదవమ్మా" అంటారు. ఆరున్నర మార్కుల కంటే ఆ అవమానం పెద్దది. అక్కడ ఐదుగురి చేతిలో పలకలుంటే కనీసం ఆ ఐదుగురైనా చివరిదాకా వింటారు.

ఇక పండితుల సంగతి. బెంగళూరులో పుట్టి పెరిగిన తెలుగు పిల్లల్లో చాలామందికి ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. మాట వచ్చు, లిపి రాదు. ఫోన్లో ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కవిత రాసుకుని చదివిన ఒక అమ్మాయిని నేను విన్నాను. మధ్యలో కన్నడ మాటలు దొర్లాయి, ఒత్తులు జారాయి. అయినా గది అంతా ఆమె వైపే తిరిగి ఉంది. న్యాయనిర్ణేత కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి ముందు తప్పులే లెక్కపెడతారేమోనని నా భయం. రాసిన తెలుగు దూరమైన పిల్లలకు ఈ వేదికే దారి. అక్కడ కూడా గుమ్మంలోనే ఆపేస్తే ఎలా?

ఎలక్ట్రానిక్ సిటీ నుంచి:
అక్కా, నేను స్లాముల్లో చదివినవాణ్ణి. మార్కులు కవితను మార్చేస్తాయి. రెండో నిమిషానికి గొంతు పెంచాలి, చివర్లో కన్నీళ్లు తెప్పించాలి. అందరి కవితా ఒకే రాగంలోకి వచ్చేస్తుంది. మెల్లగా చదివే కవితకు ఏడు, అరిచినదానికి తొమ్మిది. పైగా సాయంత్రం గడిచేకొద్దీ మార్కులు పెరుగుతూ పోతాయి, ముందు చదివినవాడు బలి. ఐదుగురు జడ్జీలూ ఒకే జిల్లావాళ్లయితే పాలమూరు యాసకో, కోలారు తెలుగుకో న్యాయం జరుగుతుందా?

కోరమంగల నుంచి:
తమ్ముడూ, వరస గురించి నువ్వన్నది నిజం. అందుకే స్లాముల్లో పోటీలో లేని ఒకరి చేత ముందు చదివించి, జడ్జీల చెయ్యి అలవాటు చేయిస్తారు. వరస చీటీలు వేసి తేలుద్దాం. జడ్జీలను ఎంచేటప్పుడు ఏ ఊరివాళ్లో అడిగి, కలిపి కూర్చోబెడదాం. చిత్తూరు, తెలంగాణ, కోస్తా, బెంగళూరు ఇంటి తెలుగు, అన్నీ ఉండాలి. కానీ అరుపు గెలుస్తుందన్నదానికి నా దగ్గర నియమం లేదు. ఒక్క మాట చెప్పగలను: మార్కులన్నీ అయ్యాక, వాటితో పనిలేకుండా, ప్రేక్షకులు ఒక కవితను వన్స్ మోర్ అని అడిగి మళ్లీ చదివించుకోవాలి. మెల్లగా చదివిన కవిత అక్కడ బతుకుతుందని నా నమ్మకం.

వయ్యాలికావల్ నుంచి:
వన్స్ మోర్ వరకూ ఒప్పుకుంటానమ్మా. మార్కులకు ఇప్పటికీ ఒప్పుకోను. నాదొక ప్రశ్న. పద్యం రాసేవాళ్లను రానిస్తారా? రాగం తీసి పాడితే మూడు నిమిషాలు ఏ మూలకు?

మారతహళ్లి నుంచి:
తప్పకుండా రండి సార్. వాయిద్యాలు ఉండవు, గొంతుకు అడ్డులేదు. పద్యం సొంతదై ఉండాలి, రాగం కూడా ఆ మూడు నిమిషాల్లోనే. ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్ చూసుకుని ఆదివారం మధ్యాహ్నమే పెడుతున్నాం. మార్కుల మీద ఇంకా ఎవరైనా చెప్పేదుంటే రాయండి, మేమూ ఇంకా తేల్చుకోలేదు.