విక్టోరియా క్రాస్ రాబర్ట్స్‌కీ మన తెలుగు సిపాయిలకీ ఏమిటి సంబంధం?

తిరుమలగిరి_వాసి:
మా ముత్తాతగారు మద్రాసు సైన్యంలో సిపాయి. ఆ తర్వాత పటాలంలోకి తెలుగువాళ్లని తీసుకోవడం బాగా తగ్గించారని మా నాయనమ్మ బాధగా చెప్పేది. కారణం వెతుకుతుంటే ఫ్రెడరిక్ రాబర్ట్స్ పేరు తగిలింది. ఎవరీయన? తెలిస్తే చెప్పండి ప్లీజ్.

బొల్లారం_రైడర్:
అన్నా, ఆయన బ్రిటిష్ సైన్యాధికారి, పుట్టింది 1832లో, మన కాన్పూర్‌లోనే. పొట్టి మనిషి, ఒక కన్ను కనిపించదు. 1857 తిరుగుబాటుని అణిచే పోరులో, 1858 జనవరి 2న ఖుదాగంజ్ దగ్గర తమవైపు రౌతుని ఒక తిరుగుబాటు సిపాయి బాయినెట్‌తో పొడవబోతుంటే అడ్డంపడి కాపాడాడు, వెంటనే జెండా పట్టుకుని పారిపోతున్న ఇద్దరి వెంటపడ్డాడు, అందులో ఒకడు తుపాకీ ఒంటికి ఆనించి నొక్కినా అది పేలలేదు, జెండా లాక్కొచ్చేశాడు. బ్రిటిష్‌వాళ్ల అతిపెద్ద సాహస పతకం విక్టోరియా క్రాస్ ఇచ్చింది అందుకే. 1880లో దాదాపు పదివేల మందితో కాబూల్ నుంచి కాందహార్‌కి సుమారు 500 కిలోమీటర్లు మూడు వారాల్లో నడిపించి, సెప్టెంబర్ 1న అఫ్గాన్ నాయకుడు అయూబ్ ఖాన్‌ని ఓడించాడు. కొడుకు 1899లో దక్షిణాఫ్రికాలోని కొలెన్సో యుద్ధంలో గాయపడి చనిపోయాడు, అతనికీ అదే పతకం ఇచ్చారు. ధైర్యవంతుడు, అందులో సందేహం లేదు.

పాతకాగితాలు:
ధైర్యం సంగతి సరే, కాబూల్‌లో 1879లో అతను వేయించిన ఉరిశిక్షల్ని ఇంగ్లండ్‌లోనే తప్పుపట్టారు, అదీ చెప్పాలి కదా.

ఇక అసలు ప్రశ్నకి వస్తే, 1881 నుంచి 1885 దాకా అతను మద్రాసు సైన్యానికి సేనాధిపతి. మన సికింద్రాబాద్ దండు కూడా ఆ సైన్యంలోదే. దక్షిణాదివాళ్లలో పాత యుద్ధపటిమ చచ్చిపోయిందని తేల్చేశాడు, 1897లో అచ్చయిన ఆత్మకథలోనూ అదే రాసుకున్నాడు. తర్వాత 1893 వరకు మొత్తం భారత సైన్యం అతని చేతికొచ్చింది, గూర్ఖాలు, సిక్కులు, పఠాన్లకే పెద్దపీట. దక్షిణాన ఏళ్ల తరబడి పెద్ద యుద్ధమే లేదు, యుద్ధానికే పంపని మనిషి పోరాడలేడని ఎలా అంటారు? ఒకప్పుడు ఉత్తరాదిలో సిపాయిని పిలిచే పేరే 'తిలంగా', అంటే తెలుగువాడనే, 1857లో ఢిల్లీ జనం కూడా తిరుగుబాటు సిపాయిల్ని అలాగే పిలిచారు. నాకు దీని మీద కోపం ఇప్పటికీ తగ్గదు.

తిరుమలగిరి_వాసి:
ఇద్దరికీ థాంక్స్ అన్నా. మా ఇంట్లో ముత్తాతగారి ఇత్తడి బిళ్ల ఉంది, మీద ఏదో నంబరు కనిపిస్తుంది.

పాతకాగితాలు:
మద్రాసు పటాలాలకు నంబర్లే పేర్లు తమ్ముడూ. చింతపండు పెట్టి గట్టిగా తోమకు, ముందు ఫొటో తీసి ఇక్కడ పెట్టు.