సాయంత్రమైతే నాన్న "ఇంటికి పోతా" అంటూ గొడవ, అమ్మ తట్టుకోలేకపోతోంది

ప్రశ్న:
నాన్నకి 78 ఏళ్లు, అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బు. పగలు బాగానే ఉంటారు, దీపాలు పెట్టే వేళకి "మా ఇంటికి పోతా" అని గేటు దగ్గరికెళ్తారు, అమ్మ ఆపితే చెయ్యి విసురుతారు, పెన్షన్ డబ్బు నువ్వే తీశావంటారు. ఈ వారం మరీ ఎక్కువైంది, రాత్రుళ్లు నిద్రే లేదు. బంధువులేమో నిద్రమాత్ర వేసేయమంటున్నారు. వేయొచ్చా?

జవాబు (నర్సుని):
సొంతంగా వద్దండీ, మత్తులో లేచి పడితే తుంటి ఎముక విరగొచ్చు. మీరు "ఈ వారం" అన్నారు చూడండి, నా టెన్షన్ అదే. అల్జీమర్స్ మెల్లగా ముదురుతుంది, కొద్దిరోజుల్లోనే మనిషి మారిపోతే లోపల ఇంకేదో ఉన్నట్టు: యూరిన్ ఇన్ఫెక్షన్, మలబద్ధకం, చెప్పుకోలేని నొప్పి, నీళ్లు తాగకపోవడం. పెద్దవాళ్లకి ఇన్ఫెక్షన్ ఉన్నా జ్వరం రాకపోవచ్చు. అవిల్ లాంటి జలుబు, అలర్జీ మాత్రలు కూడా అయోమయం పెంచుతాయి, అందుకే వాడుతున్న మందులన్నీ తీసుకుని రేపే డాక్టర్ దగ్గరికెళ్లండి.

జవాబు:
మా అత్తయ్యగారికీ ఇదే జబ్బు. ఒక నోట్‌బుక్ పెట్టండి. "గొడవ చేశారు" అని రాస్తే ఎందుకూ పనికిరాదు, ఎన్నింటికి, అంతకుముందు ఏం జరుగుతోంది, ఎవరున్నారు, ఆయన ఏం చేశారు, దేనితో తగ్గారు, ఇవి రాయాలి. అత్తయ్య స్నానం చేయించేవాళ్లని కొట్టేవారు, అలా రాస్తూపోతే తెలిసింది, తలమీద చెంబుతో నీళ్లు పోసినప్పుడే భయపడుతున్నారని. పాదాల నుంచి మొదలుపెట్టి, తలస్నానం వేరే రోజుకి మార్చాక కొట్టడం చాలా తగ్గింది.

మీరు చీకటి పడకముందే లైట్లన్నీ వేసి, టీవీ కట్టేసి, ఏమైనా తినడానికి పెట్టి చూడండి. "ఇదే మన ఇల్లు" అని వాదించకండి, "మీ ఊళ్లో ఇల్లు ఎలా ఉండేది నాన్నా" అని అడుగుతూ నాలుగడుగులు నడిపించండి. జేబులో ఫోన్ నంబర్ రాసిన కార్డు తప్పకుండా ఉండాలి.

ప్రశ్న అడిగినవారు:
రేపే తీసుకెళ్తాం. గొడవ తగ్గడానికి మందు రాస్తే వాడొచ్చా?

జవాబు (నర్సుని):
తనకో పక్కవాళ్లకో ప్రమాదం ఉంటే రాస్తారు. కానీ రిస్పెరిడోన్ లాంటి యాంటీసైకోటిక్ (తీవ్రమైన మానసిక సమస్యలకి వాడే) మందులతో డిమెన్షియా (అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బులు) ఉన్న పెద్దవాళ్లలో మరణాల రిస్క్ పెరుగుతుందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2005లోనే హెచ్చరించింది. కాబట్టి ఎంత డోసు, ఎన్నాళ్లు, ఎప్పుడు ఆపి చూస్తారు అని మొహమాటపడకుండా అడగండి. ఆ నోట్‌బుక్ కూడా చూపించండి. అమ్మ మాటేంటి మరి? ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి తెలుగులో ఉచితంగా మాట్లాడొచ్చు, ముందు ఆవిడతో మాట్లాడించండి, రాత్రి కాపలా మీరు వంతులేసుకోండి.