సవర పిల్లల బడిలో ఊరి పెద్దల చేత పాఠాలు చెప్పించాలంటే ఎలా?

అందరికీ నమస్కారం. శ్రీకాకుళం జిల్లా మెళియాపుట్టి వైపు కొండ ఊళ్లో ప్రాథమిక పాఠశాల టీచర్‌ని. మా పిల్లలందరూ సవర గిరిజనులే. ఇంట్లో సవర మాట, బడిలో తెలుగు, పక్కనే ఇంగ్లీషు. మూడో తరగతికి చాలామంది ఆశ్రమ పాఠశాలకు వెళ్లిపోతారు. పోడులో ఏ గింజ ఎప్పుడు వేయాలి, విత్తనం ఎలా దాచాలి, ఏ దుంపను ఎలా ఉడికిస్తే చేదు పోతుంది, ఇంటి గోడ మీద బొమ్మలు ఎందుకు వేస్తారు... ఇవన్నీ తాత, అవ్వల దగ్గర నేర్చుకునే వయసులో వాళ్లు ఇంట్లోనే ఉండరు. నాకున్న బెంగంతా ఇదే.

వారానికి ఒక పూట పెద్దలను బడికి పిలవాలని ఉంది. వాళ్లు సరేనన్నారు. కొందరు తల్లిదండ్రులు మాత్రం అసలు చదువు వెనకబడుతుందేమోనని టెన్షన్ పడుతున్నారు. ఆ భయాన్ని తీసిపారేయలేను. గింజల లెక్కలతో గణితం, దుంపలతో పరిసరాల విజ్ఞానం కలిపి చెప్పవచ్చని నా ఆలోచన. ఇలా చేసినవాళ్లుంటే టైంటేబుల్ ఎలా సర్దారో చెప్పండి.

2004లో ఉమ్మడి రాష్ట్రంలో సవరతో కలిపి ఎనిమిది గిరిజన భాషల్లో బోధన మొదలుపెట్టారు. తెలుగు లిపిలో వచ్చిన అప్పటి సవర వాచకాలు ఎవరి దగ్గరైనా ఉన్నాయా? ఫొటోలు పంపినా చాలు. 1936లో మంగేయి గొమాంగో సవరకు ప్రత్యేక లిపి తయారుచేశారు. చిన్న పిల్లలకు దాన్ని ఇప్పుడే పరిచయం చేయాలా, కొన్నాళ్లు ఆగాలా?

ఇంకొకటి. బడికొచ్చిన రోజు పెద్దలకు కూలి పోతుంది. ఊరికే రమ్మనడం నాకు ఇష్టం లేదు. ఆ డబ్బు ఐటీడీఏ (ప్రభుత్వ గిరిజనాభివృద్ధి సంస్థ) నుంచి గానీ, పాఠశాల గ్రాంటు నుంచి గానీ ఇప్పించే వీలుందా?