సంతలో కొన్న పాత వెండి కడియాలు అసలువేనా? ఇంట్లోనే తెలుసుకోవడం ఎలా?

సంతపిచ్చి_మూసాపేట:
నమస్తే అందరికీ. నాలుగేళ్లుగా ఎర్రగడ్డ ఆదివారం సంతకి తిరుగుతున్నా. ఇత్తడి గిన్నెలు, పాత గడియారాలు తప్ప వేరే వాటి జోలికి పోలేదు. మొన్న మాత్రం మనసు నగల మీదికి పోయింది. ఒకాయన గోనెపట్టా పరిచి కూర్చున్నాడు. కాళ్ల కడియాల జత, ఐదు రూపాయి బిళ్లలు గుచ్చిన దండ తీసుకున్నా. కడియాలు రెండూ కలిపి 197 గ్రాములు. వెండి రేటులో సగానికే ఇచ్చేశాడు. భయమంతా అక్కడే.

కడియాలకి అయస్కాంతం పెట్టా, అంటలేదు. టూత్‌పేస్టుతో రుద్దితే గుడ్డ నల్లగా అయింది. అమ్మేమో "అంత చవగ్గా వచ్చిందంటే అది వెండి కాదే, పో" అంటోంది. అదే మనిషి దగ్గర బంగారు కమ్మలు కూడా ఉన్నాయి, 3.2 గ్రాములు, వెనక 916 కేడీఎం అని కొట్టి ఉంది. వచ్చే ఆదివారం దాకా ఆపుతానన్నాడు. తీసుకోవచ్చా?

రాజా_కూకట్‌పల్లి:
ఐస్ ముక్క పెట్టండి. గబగబా కరిగితే వెండే. డౌటే లేదు.

చిలకలపూడి_కుర్రాడు:
డౌట్ ఉందండి. రాగి మీద పెట్టినా ఐస్ అలాగే కరుగుతుంది, అల్యూమినియం గిన్నె మీదా కరుగుతుంది. అయస్కాంతం సంగతీ అంతే. ఇత్తడికీ, రాగికీ, జర్మన్ సిల్వర్‌కీ అంటదు. అంటితే అనుమానించాలి. అదైనా కొక్కెం దగ్గర కాదు, లోపల స్టీలు స్ప్రింగ్ ఉంటుంది కాబట్టి అసలు నగలోనూ అంటొచ్చు. అంటకపోతే తెలిసేది సున్నా.

మాది బందరు పక్కన చిలకలపూడి. గిల్టు నగల ఊరు. మా తాతగారి రోజుల్లో రాగి మీద పల్చటి బంగారు రేకు అతికి తీగ లాగేవారు, రోల్డు గోల్డు అంటే అదే. ఇప్పుడు ఎక్కువగా ప్లేటింగే. చిన్నప్పుడు గుడివాడ నుంచి ఒక పెద్దాయన మా ఇంటికి వచ్చాడు. బస్టాండులో ఎవరో "డబ్బు అత్యవసరం" అని ఏడిస్తే, కూతురి పెళ్లికి పనికొస్తుందని గొలుసు కొన్నాడట. మా నాన్న గొలుసు వైపు చూడనే లేదు, కొక్కెం తిప్పి చూశాడు. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత మెల్లగా "ఇది మా వీధిలోదే బాబూ" అన్నాడు. మా వాళ్లు దాన్ని గిల్టు అనే అమ్మారు, గిల్టు ధరకే అమ్మారు. బందరుకీ ఆ బస్టాండుకీ మధ్య ఎక్కడో అది బంగారమైపోయింది.

ఆయన కొక్కెమే ఎందుకు చూశాడంటే, పూత మొదట పోయేది అక్కడే. మీ కడియాలు కూడా మెరిసే వైపు చూడకండి, ఒరిసిన వైపు చూడండి. కాలి చీలమండకి రాసుకునే లోపలి అంచు, కొస దగ్గర నొక్కులు, చెక్కుడు పని మీద ఎత్తుగా ఉండే చోట్లు. పగటి వెలుతురులో భూతద్దం పెట్టి చూస్తే, పూత అయితే అక్కడ ఎర్రగానో పసుపుగానో కింది లోహం బయటపడుతుంది. వెండి అరిగినా లోపల వెండే. వెండి నలుపెక్కుతుంది. ఆకుపచ్చ చిలుం పట్టిందంటే రాగి ఉన్నట్టు, తక్కువ మేలిమి వెండిలోనూ కొంచెం పట్టొచ్చు.

జర్మన్ సిల్వర్‌తోనే చిక్కు. పేరులో తప్ప అందులో వెండి ఉండదు, రాగి, నికెల్, జింకు. లోపలా బయటా ఒకే తెలుపు కాబట్టి ఒరిసిన చోటు కూడా ఏమీ చెప్పదు. దానికి నీళ్లు కావాలి.

0.1 గ్రాము దాకా చూపే చిన్న తక్కెడ సంపాదించండి. పిండి తూచే వంటింటి మిషన్ పనికిరాదు. ముందు ఒక్క కడియం పొడిగా తూచి రాసుకోండి. తర్వాత తక్కెడ మీద నీళ్ల గ్లాసు పెట్టి సున్నా చేయండి. కడియాన్ని దారంతో కట్టి నీళ్లలో పూర్తిగా మునిగేలా వేలాడదీయండి, అడుగుకీ గోడకీ తగలకూడదు, బుడగలు ఉంటే విదిలించండి. అప్పుడు తక్కెడ చూపే అంకెతో పొడి బరువుని భాగించండి. మేలిమి వెండికి 10.5, 925 వెండికి (వెయ్యి పాళ్లలో 925 వెండి) 10.3 దరిదాపుల్లో రావాలి. ఇత్తడి, జర్మన్ సిల్వర్ అయితే ఎనిమిదిన్నర చుట్టూ తిరుగుతుంది. లెక్క వచ్చాక ఇక్కడ పెట్టండి.

పాతరూపాయి:
రూపాయల దండ గురించి ఎవరూ అనలేదు, నేను చెప్తా. సంవత్సరాలు చదవండి. 1940కి ముందు బ్రిటిష్ రూపాయలు అయితే 91.7 శాతం వెండి, ఒక్కోటి 11.66 గ్రాములు. తులం అంటే మన పెద్దవాళ్లు లెక్కేసింది ఆ రూపాయి బరువే. 1940 నుంచి 1945 దాకా వెండి సగమే. 1947ది చూడగానే తెలుస్తుంది, వెనక పులి ఉంటుంది. అది నికెల్, అయస్కాంతానికి టపీమని అంటుకుంటుంది. అది నకిలీ కాదు, అసలు ప్రభుత్వ నాణేమే, వెండి మాత్రం లేదు. నిజాం చార్మినార్ రూపాయి అయితే కొంచెం తేలిక, 11.18 గ్రాములు, పాతవాటిలో వెండి 81.8 శాతం.

పోత పోసిన నకిలీలు కూడా ఉంటాయి. అంచు చుట్టూ గీతలు సమానంగా ఉన్నాయా, మధ్యలో అచ్చు అతుకు గీత ఉందా చూడండి. మీవాటికి కొక్కేలు టంకం వేసి ఉంటాయి కాబట్టి బరువు కాస్త ఎక్కువే వస్తుంది, కంగారుపడకండి.

వకీలు_వనస్థలిపురం:
సగం ధర అనగానే అసలా నకిలీయా అని ఆలోచిస్తున్నారు. అసలే అయి, దొంగ సొత్తయితే? దొంగ సొత్తని నమ్మడానికి కారణం ఉండీ, నిజాయితీ లేకుండా కొన్నారంటే బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 317 కిందికి వస్తుంది. కనీసం అమ్మినవాడి ఫోన్ నంబరుతో ఒక చీటీ రాయించుకోండి. రాయను అన్నాడంటే వదిలేయడమే.

సంతపిచ్చి_మూసాపేట:
చీటీ లేదండి. ఫోన్ నంబరు మాత్రం ఉంది, వచ్చే వారం రాయించుకుంటా. ఐదు బిళ్లల్లో ఒకటి పులిది, ఫ్రిజ్ మీది అయస్కాంతానికే అంటుకుంది! మిగతావి 1907, 1913, 1918, 1920.

కడియం లెక్క మాత్రం అర్థం కాలేదు. పొడిగా 98.4. నీళ్లలో 21.3 చూపించింది. భాగిస్తే 4.6. మూడుసార్లు చేశా, అదే. ఇత్తడి కూడా కాదా ఇది?

చిలకలపూడి_కుర్రాడు:
4.6 అంటే ఇత్తడి, రాగి, వెండి ఏవీ గట్టిగా పోసినవి కావు. లోపల డొల్ల, లేదా లక్క పోసి ఉంటారు. పాత కడియాల్లో మామూలే. పల్చటి రేకుతో గొట్టం చేసి, వంచేటప్పుడు నొక్కుకుపోకుండా లక్క నింపుతారు. నా లెక్క ప్రకారం రేకు వెండే అయితే లోపల ఇరవై గ్రాముల చిల్లర లక్క ఉండాలి. నీళ్ల లెక్క గట్టి వస్తువుకే పనికొస్తుందని ముందే చెప్పాల్సింది, తప్పు నాదే. ఇక గీటురాయే దిక్కు. వెండి కొట్టు ఆయన్ని అడగండి, పైపైన కాదు, లోపలి వైపు ఆకురాయితో చిన్న గాటు పెట్టి అక్కడ గీటు తీయమనండి. కొట్లలో లోహం శాతం చూపే మిషన్ కూడా పైపొరే చదువుతుంది, మందం పూత దాన్ని కూడా బోల్తా కొట్టిస్తుంది.

కమ్మలు వద్దు. కేడీఎం అంటే నాణ్యత కాదండి, అతుకు టంకంలో కాడ్మియం కలిపే పద్ధతి పేరు. 916 అంకె పంచ్ ఎవడైనా కొడతాడు. బీఐఎస్ (ప్రభుత్వ ప్రమాణాల సంస్థ) త్రిభుజం, 22కె916 (22 క్యారెట్లు, అంటే 91.6 శాతం బంగారం), అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ (ఒక్కో నగకి విడిగా ఇచ్చే కోడు), ఈ మూడూ ఉండాలి. 2021 జులైకి ముందు నగ అయితే ఆ కోడు ఉండదు, దాని బదులు పరీక్ష కేంద్రం గుర్తు, దుకాణం గుర్తు ఉంటాయి. కోడు ఉంటే బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి, అది చూపే వస్తువు పేరు చదవండి. మీ చేతిలో కమ్మలుండి యాప్ ఉంగరం అంటే వేరేదాని కోడు ఎక్కించినట్టు. మూడు గ్రాముల వస్తువుకి మన నీళ్ల లెక్క నమ్మలేం, అంకె మరీ చిన్నది. అంతగా నచ్చితే, హాల్‌మార్క్ కేంద్రంలో పరీక్షకి అమ్మేవాణ్ణే వెంట రమ్మనండి. 2022 నాటికి నాలుగు వస్తువుల దాకా 200 రూపాయలే. వస్తాడో రాడో చూడండి.

సంతపిచ్చి_మూసాపేట:
రాలేదన్నా. అడగగానే "వేరేవాళ్లు తీసుకున్నారు" అన్నాడు, కమ్మలు జేబులోనే ఉన్నాయి. చీటీ మాత్రం కడియాలకి రాశాడు.

మా వీధి చివర కొట్టు ఆయన గాటు పెట్టి గీటు తీశాడు. వెండే! 81 శాతం. తర్వాత ఒక కడియం కొస తెరిచి మంట మీద తిప్పితే ఎర్రటి లక్క బుసబుసమంటూ మూతలోకి కారింది, కొట్టంతా వాసన. మిగిలింది 77.6 గ్రాములు. ఆ లెక్కనైనా నాకు నష్టం లేదు. అమ్మ ఇంకా ఒప్పుకోలేదు.

చిలకలపూడి_కుర్రాడు:
శుభం. కానీ ఆ కడియం ఇప్పుడే వేసుకోకండి. లక్క లేకపోతే రేకు ఒక్క దెబ్బకే సొట్టపోతుంది. మూతలో కారింది పారేయకపోతే మళ్లీ అదే పోయించేయండి. రెండోదాన్ని తెరవనివ్వకండి.