ఎడిటర్ సగం కోడునే చూస్తోంది: ఇండెక్స్ పూర్తిగా రావాలంటే ఏమి చేయాలి?

సెమీకోలన్:
మాది 20 ఏళ్ల నాటి సీ ప్లస్ ప్లస్ ప్రాజెక్టు. ఈమధ్యే లినక్స్ మీద పని మొదలుపెట్టి, ఎడిటర్‌లో క్లాంగ్‌డి (కోడును చదివి, ఏ పేరు ఎక్కడుందో ఇండెక్స్ అనే పట్టికగా రాసుకునే సాధనం) అమర్చుకున్నాను. ఒక ఫంక్షన్‌ను ఎక్కడెక్కడ పిలుస్తున్నామో అడిగితే 3 చోట్లు చూపిస్తోంది. అక్షరాలను బట్టి వెతికే గ్రెప్‌తో చూస్తే 11 దొరికాయి. అసలేమీ చూపించకపోతే ఏదో చెడిందని వెంటనే తెలిసేది. సగం చూపించడమే ప్రమాదం. ఆ మూడింటినే నమ్మి నిన్న రెండు పారామీటర్ల వరుస మార్చాను. రెండూ పూర్ణాంకాలే కావడంతో కంపైలర్ అభ్యంతరం చెప్పలేదు. పరీక్షల్లో బయటపడింది కాబట్టి గండం తప్పింది. మీకెవరికైనా ఇలా జరిగిందా? ఎలా సరిచేశారు?

నీలితెర:
ప్రాజెక్టులో చుక్కతో మొదలయ్యే క్యాష్ ఫోల్డర్ ఉంటుంది. క్లాంగ్‌డి తన ఇండెక్స్‌ను అందులోనే దాచుకుంటుంది. దాన్ని తొలగించి ఎడిటర్ మళ్లీ తెరవండి. విజువల్ స్టూడియో వాడేవారు దాన్ని మూసి, డాట్ వీఎస్ ఫోల్డర్ తీసేస్తే బ్రౌజింగ్ డేటాబేస్ కొత్తగా తయారవుతుంది. ఇంటెలిజే అనే ఎడిటర్‌లో క్యాష్‌లను రద్దు చేసే ఆదేశం మెనూలోనే ఉంది.

సెమీకోలన్:
తొలగించాను. 20 నిమిషాల పాటు ఇండెక్స్ కట్టింది. మళ్లీ అవే 3.

మేక్‌ఫైల్:
మళ్లీ అవే వచ్చాయంటే ఇండెక్స్ పాడైపోలేదు, దానికి అందిన జాబితాయే కురచగా ఉందన్నమాట. ప్రాజెక్టులో ఏయే ఫైళ్లున్నాయో క్లాంగ్‌డికి తనంతట తెలియదు. కంపైల్ కమాండ్స్ అనే జేసన్ ఫైలు చూసి తెలుసుకుంటుంది. ఏ సోర్సు ఫైలును ఏ ఫోల్డర్ నుంచి, ఏ ఆదేశంతో కంపైల్ చేశారో అందులో ఉంటుంది. ఆ జాబితాలోని ఫైళ్లు, అవి కలుపుకునే హెడర్లు (ఉమ్మడి ప్రకటనల ఫైళ్లు) మాత్రమే నేపథ్యంలో కట్టే ఇండెక్స్‌లోకి వస్తాయి. జాబితాలో లేని ఫైలును మీరు తెరిస్తే, ఏదో ఒక ఆదేశాన్ని ఊహించుకుని చదువుతుంది. అందుకే తెరిచిన ఫైలులో అంతా సవ్యంగానే ఉన్నట్టు కనిపిస్తుంది.

ఇంతకీ ఆ జేసన్ ఫైలును ఎలా తయారుచేశారు? బేర్ అనే సాధనం వాడి ఉంటే అనుమానం అక్కడే. బిల్డ్ జరుగుతుండగా నడిచిన కంపైలర్ ఆదేశాలను మాత్రమే బేర్ రాసుకుంటుంది. అప్పటికే కొంత బిల్డ్ అయి ఉంటే, బిల్డ్ నడిపే మేక్ మిగిలినవాటినే కంపైల్ చేస్తుంది, బేర్ కంటపడేవీ అవే. ముందు మేక్ క్లీన్‌తో పాత బిల్డ్‌ను తుడిచేసి, ఆ తర్వాతే బేర్ నడపాలి. బిల్డ్ ఫైళ్లను తయారుచేసే సీమేక్‌లో అయితే జేసన్ ఎగుమతి చేసే చరరాశిని ఆన్ చేస్తే చాలు. కానీ అది మేక్‌ఫైల్, నింజా జనరేటర్లతోనే పనిచేస్తుంది.

నేనొకసారి బిల్డ్ ఫోల్డర్ పేరు మార్చి, పాత జేసన్ ఫైలుకు పెట్టిన లింకును అలాగే వదిలేశాను. రెండు నెలల పాటు కొత్తగా చేర్చిన ఒక్క ఫైలూ ఇండెక్స్‌లోకి రాలేదు. అప్పటినుంచి ఏదైనా తొలగించే ముందు జాబితాలో నమోదులెన్ని, డిస్కులో సోర్సు ఫైళ్లెన్ని అని లెక్కపెడుతున్నాను. మీరూ లెక్కపెట్టి చెప్పండి.

పాతకంపైలర్:
ఈ చిక్కు మా తరానికీ తెలుసు. 1998లో వచ్చిన విజువల్ సీ ప్లస్ ప్లస్ 6లో ప్రతి సోర్సు ఫైలుకూ, అందులోని పేర్ల వివరాలతో ఒక ఎస్‌బీఆర్ ఫైలు పుట్టేది. బీఎస్‌సీమేక్ అనే సాధనం వాటన్నిటినీ కలిపి ఒక బీఎస్‌సీ ఫైలు (బ్రౌజింగ్ డేటాబేస్) కట్టేది. కట్టిన తర్వాత ఎస్‌బీఆర్‌లను సున్నా బైట్లకు కుదించేది. సున్నా అంటే ‘ఇది మారలేదు, పాత బీఎస్‌సీలో ఉన్నదే వాడుకో’ అని గుర్తు. ఆ సంగతి తెలియక నేను బీఎస్‌సీని మాత్రమే తొలగించి బిల్డ్ చేశాను. అన్ని ఎస్‌బీఆర్‌లూ కావాలంటూ బీకే1513 లోపం వచ్చింది. ఖాళీ ఎస్‌బీఆర్‌లను కూడా తొలగించి మొత్తం రీబిల్డ్ చేశాకే కుదుటపడింది. పాత ప్రాజెక్టులను నేటికీ పోషిస్తున్నవారికి ఇంకో మాట: ఎవరూ వాడని పేర్లను బీఎస్‌సీమేక్ మామూలుగా వదిలేస్తుంది. కావాలంటే ఐయూ ఐచ్ఛికం ఇవ్వాలి. కాబట్టి ఒక పేరు కనబడనంత మాత్రాన డేటా పాడైందని అనుకోనక్కర్లేదు.

దశాంశం:
బిల్డ్ సమయంలో పుట్టే హెడర్లను మరచిపోకండి. మా దగ్గర ప్రోటోబఫ్ (డేటా వర్ణన నుంచి కోడు పుట్టించే సాధనం) నుంచి వచ్చే హెడర్లు చాలా ఉన్నాయి. రిపాజిటరీ తెచ్చుకున్న వెంటనే, ఒక్కసారైనా బిల్డ్ చేయకుండా ఎడిటర్ తెరిస్తే ఆ హెడర్లు ఉండవు. వాటిలోని రకాలు తెలియక, వాటిని వాడే ఫంక్షన్ల లోపలి పిలుపులు కొన్ని ఇండెక్స్‌లో పడవు. ఎక్లిప్స్ సీడీటీ అనే ఎడిటర్‌లో అయితే దొరకని హెడర్లను వెతికిపెట్టే ఆదేశం ఇండెక్స్ మెనూలో ఉంది. ఎంతో ఉపయోగం.

హెడర్‌గార్డ్:
లినక్స్‌లో ఐనోటిఫై (ఫైళ్ల మార్పులను ప్రోగ్రాములకు తెలిపే సదుపాయం) పరిమితినీ చూడండి. పాత కెర్నెళ్లలో మామూలుగా 8192 నిఘాలు మాత్రమే పెట్టవచ్చు. పెద్ద ప్రాజెక్టు ఆ పరిమితిని దాటితే ఫైళ్లు మారిన సంగతి ఎడిటర్‌కు చేరదు. నేను 524288కి పెంచుకున్నాను. అలాగే ఇంటెలిజే 2500 కిలోబైట్లు దాటిన ఫైలును మామూలుగా విశ్లేషించదు. యంత్రం పుట్టించిన పెద్ద ఫైళ్లు అలాగే తప్పిపోతాయి.

సెమీకోలన్:
లెక్కపెట్టాను. డిస్కులో 640 సోర్సు ఫైళ్లు, జాబితాలో 212 నమోదులు! సగం బిల్డ్ అయ్యాక బేర్ నడిపిన మాట నిజమే. క్లీన్ చేసి మళ్లీ నడిపాను. ఇప్పుడు 9 చోట్లు చూపిస్తోంది. మిగిలిన రెండూ విండోస్‌కు మాత్రమే కంపైలయ్యేలా పెట్టిన ఇఫ్‌డెఫ్ షరతుల మధ్య ఉన్నాయి.

మేక్‌ఫైల్:
లినక్స్ బిల్డ్‌కు లేనివి లినక్స్ ఇండెక్స్‌లోకీ రావు. ఇలాంటి మార్పు చేసేటప్పుడు పారామీటర్లతోపాటు ఫంక్షన్ పేరును కూడా తాత్కాలికంగా మార్చి, లినక్స్‌లోనూ విండోస్‌లోనూ బిల్డ్ చేయండి. పాత పేరుతో పిలిచిన ప్రతిచోటా కంపైలరే మిమ్మల్ని ఆపుతుంది.

సెమీకోలన్:
అలాగే చేశాను. విండోస్ బిల్డ్ ఆ రెండు చోట్లా ఆగింది. గ్రెప్‌కు కూడా దొరకని పన్నెండోది ఒకటి అదే బిల్డ్‌లో బయటపడింది: ఒక మాక్రో (కంపైల్‌కు ముందే కోడుగా విస్తరించే సంక్షిప్త రూపం) ఆ ఫంక్షన్ పేరును రెండు ముక్కలు అతికించి తయారుచేస్తోంది. ముందు దాన్ని సరిచేస్తున్నాను.