కంటైనర్ల మీద గుడ్డ కప్పు గాలికి లేవకుండా ఎలా బిగించాలి?

విశాఖ తీరంలో మేము పడవలు బాగుచేస్తాం. 40 అడుగుల పాత కంటైనర్లు రెండు, 20 అడుగుల ఎడంతో ఎదురెదురుగా పెట్టాం. వాటి మీద ఇనుప గొట్టాల కమానులు నిలిపి పీవీసీ పూత గుడ్డ కప్పాలి. కంటైనర్ పైరేకు మందం రెండు మిల్లీమీటర్లే. దానికి బోల్టులు వేస్తే పట్టు ఉండదు, వాన నీరు కూడా దిగుతుంది. అందుకే కమాను పాదాలను పై అంచు దూలానికి వెల్డింగ్ చేయిద్దామనుకుంటున్నాను. మరి ఉప్పుగాలికి ఆ అతుకులు తుప్పు పట్టవా? కంటైనర్ మూలల్లో ఉండే రంధ్రాల ఇనుప దిమ్మెలకు బిగించడం మేలా?

2014 హుద్‌హుద్‌లో మా రేకుల షెడ్డు ఎగిరిపోయింది. ఖాళీ కంటైనర్ బరువు 4 టన్నులలోపే. గుడ్డ కిందికి గాలి దూరితే అదీ కదులుతుందేమోనని భయంగా ఉంది. నేలలో కాంక్రీటు దిమ్మెలు పోసి కట్టాలా? లోపల ఆరుగురు పనిచేస్తారు. ఇలాంటిది కట్టినవారు దయచేసి చెప్పండి.