విదేశీ దానం ఆగితే ఎలా? అనంతపురం సేవాసంస్థలు వ్యాపారం పెట్టుకోవాలా?

పెన్న_ఒడ్డు:
2025లో ఆర్‌డీటీకి (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాలు తీసుకునే అనుమతి, రెన్యువల్ ఆగిందని తెలియగానే అనంతపురంలో జనం రోడ్డెక్కారు. ఆ సంస్థ నడిపే బత్తలపల్లి ఆసుపత్రి ఏమవుతుంది, పిల్లల చదువులు ఏమవుతాయి అని ఊరూరా టెన్షన్ పడ్డారు. నన్ను పట్టుకున్న ప్రశ్న వేరు. ఆర్‌డీటీ పెట్టిన స్పెయిన్ దేశస్థుడు విన్సెంట్ ఫెర్రర్ ఈ జిల్లాకు వచ్చింది 1969లో. అర్ధశతాబ్దం దాటినా, ఢిల్లీలో ఒక ఫైలు కదలకపోతే అంతా వణికిపోయే స్థితి ఎందుకుంది?

నా మాట సూటిగా చెప్తా. భక్తితోనో, మానవసేవే మాధవసేవ అన్న నమ్మకంతోనో పుట్టిన సంస్థలు ఇక దానం మీద బతకడం మానాలి. వేరుశనగ నూనె, కొర్రలు, కుట్టు యూనిట్లు, ఏదో ఒక వ్యాపారం పెట్టి దాని లాభంతో ఆసుపత్రి, బడి నడపాలి. స్పెయిన్‌లో నెలనెలా డబ్బు పంపే దాత స్థానంలో ఇక్కడి కొనుగోలుదారు ఉండాలి. కాదనేవాళ్లు కారణం చెప్పండి.

కరువు_లెక్క:
అన్నా, కారణం ఒక్కటే. వాన.

మన జిల్లాలో ఏడాది సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్ల చిల్లర. అది కూడా పడాల్సినప్పుడు పడదు. వేరుశనగ పోయిన ఏడాది నూనె మిల్లుకు సరుకు ఉండదు, లాభం ఉండదు. సరిగ్గా ఆ ఏడాదే ఊళ్లో అప్పులు పెరుగుతాయి, జనం బెంగళూరు బస్సెక్కుతారు, ఆసుపత్రికి ఉచితంగా చూపించుకునేవాళ్లు ఎక్కువవుతారు. రాబడి తగ్గే ఏడాదీ, ఖర్చు పెరిగే ఏడాదీ ఒకటే. ఇక్కడి పంట మీద నడిచే వ్యాపారంతో ఇక్కడి కరువును ఎలా ఎదుర్కొంటావ్? బార్సిలోనాలో దాత జీతానికీ మన చెరువులో నీళ్లకూ సంబంధం లేదు. ఆ సంబంధం లేకపోవడమే దాని విలువ. దాన్ని బలహీనత అంటే నేను ఒప్పుకోను.

రత్నగిరి:
పైన అన్న చెప్పింది నిజమే కానీ సగమే. దానం వానతో ఆగదు, ప్రభుత్వం తలుచుకుంటే ఆగుతుంది. 2025లో మనం చూసింది అదే కదా.

ఇంకో చిన్న సవరణ. ఆర్‌డీటీని మతసంస్థల లెక్కలో వేయొద్దు. ఫెర్రర్ జెస్యూట్‌గా (కాథలిక్ సన్యాసుల సభలో సభ్యుడిగా) ఇండియాకు వచ్చిన మాట నిజం, మహారాష్ట్రలోని మన్మాడ్‌లో బావులు తవ్వించిన మాటా నిజం. 1968లో ఆయన్ని దేశం వదిలి పొమ్మన్నారు. తిరిగొచ్చాక ఆ సభనే వదిలేశారు, పెళ్లి చేసుకున్నారు. ప్రేరణ విశ్వాసం నుంచి వచ్చి ఉండొచ్చు, సంస్థ మాత్రం మతం అడగలేదు. మా పక్క ఎస్సీ కాలనీలో ఇళ్లు కట్టించినప్పుడు ఎవరినీ ఏ దేవుడని అడిగింది లేదు.

పెన్న_ఒడ్డు:
@రత్నగిరి, అందుకే 'నమ్మకంతో పుట్టిన' అన్నాను. పుట్టపర్తి సత్యసాయి ట్రస్టు కూడా అందులోకే వస్తుంది. 1995లో ఏడు వందలకు పైగా గ్రామాలకు తాగునీరు ఇచ్చారు. అంతకు నాలుగేళ్ల ముందు సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి కట్టారు, అక్కడ బిల్లు కౌంటరే లేదు. దండం పెట్టాల్సిన పనులు. కానీ వీటిలో ఏదీ ఒక్క కుటుంబానికి రాబడి మార్గం చూపలేదు. నీళ్లొచ్చాయి, వలస ఆగలేదు.

కరువు_లెక్క:
ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుం వంగిపోయినవాడు ఏ వ్యాపారం చేస్తాడన్నా? నీళ్లు, వైద్యం రాబడి మార్గం కాదంటే ఎలా?

ఆడిటర్_బాబాయ్:
వేడి కాస్త తగ్గించుకోండి, చట్టం సంగతి చూద్దాం. ట్రస్టు వ్యాపారం చేయకూడదని ఎక్కడా లేదు. అయితే ఆ వ్యాపారం ట్రస్టు ఆశయానికి అనుబంధంగా ఉండాలి, దానికి పద్దు పుస్తకాలు విడిగా రాయాలి. లేకపోతే పన్ను మినహాయింపు మీద గొడవ. ఇంకో దారి సెక్షన్ 8 కంపెనీ. లాభం రావచ్చు, డివిడెండ్ పంచకూడదు.

అసలు ముడి ఇంకోచోట ఉంది. ఎఫ్‌సీఆర్‌ఏ చట్టానికి 2020లో చేసిన సవరణ తర్వాత విదేశీ విరాళాన్ని ఇంకో సంస్థకు బదిలీ చేయడం కుదరదు. పరిపాలన ఖర్చుల పరిమితి 50 శాతం నుంచి 20కి దించారు. అంటే బయటి డబ్బు తెచ్చి రైతు సంఘానికి మూలధనంగా ఇద్దామన్నా దారి మూసేశారు. వ్యాపారం పెట్టండి అని చెప్పడం తేలిక. మొదటి రూపాయి ఎక్కడి నుంచి తెస్తారో పెన్న ఒడ్డు గారు చెప్పాలి.

మంగళూరు_పెంకు:
చరిత్రలో ఇది జరిగిపోయిన ప్రయోగమే. మన పాత ఇళ్ల మీద ఉన్న మంగళూరు పెంకులు ఎవరు మొదలుపెట్టారో తెలుసా? స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన క్రైస్తవ సంస్థ బాసెల్ మిషన్, 1865లో. మతం మారినవాళ్లను కులం వెలేసింది, చేతివృత్తి పోయింది. వాళ్లకు పని చూపించడానికి పాద్రీలు నేత, పెంకుల ఫ్యాక్టరీలు పెట్టారు. పెన్న ఒడ్డు గారు అడుగుతున్నది అచ్చంగా ఇదే. వ్యాపారం బాగా నడిచింది, పెంకులు దేశాలు దాటాయి.

రెండు విషయాలు గమనించండి. ఒకటి, కూలి ఇచ్చేవాడూ ప్రార్థన చేయించేవాడూ ఒకే సంస్థ. యజమానితో పేచీ పడితే గుడికీ దూరమవుతాడు. పేదవాడికి ఇంత ఇరుకు ఇంకోటి ఉండదు. సేవాసంస్థే యజమాని అయితే కూలి చాలట్లేదని ఎవరితో పోట్లాడాలి? అన్నం పెట్టిన చెయ్యి అంటూ నోరు మూయిస్తారు.

రెండోది మీ వాదనకు సూటిగా తగులుతుంది. మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది, మిషన్‌లో జర్మన్లు ఉన్నారని బ్రిటిష్ ప్రభుత్వం ఫ్యాక్టరీలను లాక్కుని కామన్వెల్త్ ట్రస్ట్ అనే కంపెనీకి అప్పగించింది. సొంత వ్యాపారం ఉన్నా ప్రభుత్వం నుంచి రక్షణ దొరకలేదు. ఆస్తి కనబడితే లాక్కోవడం ఇంకా తేలిక. వ్యాపారం బతికింది, దాని వెనకున్న సేవ వేరే చేతుల్లోకి పోయింది.

సిరిధాన్యం:
మంగళూరు దాకా ఎందుకు, చెన్నేకొత్తపల్లికి రండి. టింబక్టు కలెక్టివ్ 1990లో బీడు భూమిలో మొదలైంది. మతంతో పని లేని సంస్థ, కాబట్టి పోలికకు బాగా పనికొస్తుంది. వాళ్లు తమ పేరున వ్యాపారం పెట్టలేదు. రైతులే వాటాదార్లుగా ధరణి అనే పరస్పర సహాయ సహకార సంఘం పెట్టించారు. 1995 నాటి మ్యాక్స్ చట్టం దానికి వీలిచ్చింది. కొర్ర, సామ, వేరుశనగ సేంద్రియంగా పండించి, శుభ్రం చేసి, ప్యాకెట్ కట్టి అమ్ముతారు. మా అత్తగారి చేను కూడా అందులోనే ఉంది. సర్వసభ్య సమావేశంలో ధర ఎందుకు తక్కువని నిలదీస్తుంది, ఆమెను ఆపేవాళ్లు లేరు. పెంకుల ఫ్యాక్టరీ కూలీకి ఆ వీలు లేదు.

కరువు లెక్క అన్నకు ఒక జవాబు: ఒక్క వేరుశనగ మీద కూర్చుంటే మీరు చెప్పింది నూటికి నూరు నిజం. కొర్రకు అంత వాన అక్కర్లేదు.

కరువు_లెక్క:
కొర్ర సంగతి ఒప్పుకుంటా. కానీ అక్కా, ధరణి లాభంతో ఆసుపత్రి నడుస్తుందా?

సిరిధాన్యం:
నడవదు. నడపాలని ఎవరూ అనుకోలేదు. ఆ లాభం రైతులది. పెన్న ఒడ్డు గారు రెండింటినీ కలిపేస్తున్నారు, నాకు అభ్యంతరం అక్కడే. పేద రైతు కొర్రల మీద మిగిలిన డబ్బు తీసి ఇంకో పేదవాడికి ఆపరేషన్ చేయిస్తే పేదరికం ఒకరి నుంచి ఇంకొకరికి మారుతుంది, అంతే.

మెదక్_పాతకాపు:
లాభం మాట వచ్చింది కాబట్టి ఎస్‌కేఎస్ గుర్తు చేస్తున్నా. మా జిల్లాలో స్వయం కృషి సంగం అని స్వచ్ఛంద సంస్థగా మొదలైంది, తర్వాత పేదలకు చిన్న అప్పులిచ్చే (మైక్రోఫైనాన్స్) కంపెనీ అయింది. 2010 ఆగస్టులో షేర్లు స్టాక్ మార్కెట్‌కు ఎక్కాయి. అదే ఏడాది అక్టోబరులో మైక్రోఫైనాన్స్ వసూళ్ల వేధింపుల మీద రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది. సోషల్ ఎంటర్‌ప్రైజ్ (సేవ కోసం వ్యాపారం) అనే మాట వినగానే మా ఊరి ఆడవాళ్లు తలుపేసుకుంటారు.

పెన్న_ఒడ్డు:
ఎస్‌కేఎస్‌ను నా నెత్తిన రుద్దొద్దు. లాహోర్‌లో అఖువత్ ఉంది, 2001లో మొదలైంది. వడ్డీ తీసుకోవడం పాపమన్న నమ్మకంతో వడ్డీ లేకుండా చిన్న అప్పులిస్తారు, చాలాచోట్ల మసీదులోనే చేతికిస్తారు. స్థాపకుడికి 2021లో మెగసెసే వచ్చింది. దానం అక్కడ ఒకరి దగ్గర ఖర్చయిపోదు, తిరిగొచ్చి ఇంకొకరి చేతికి వెళ్తుంది. స్పెయిన్‌లోనే బాస్క్ ప్రాంతంలో మోండ్రాగాన్ చూడండి. దాని వెనక ఉన్నది ఒక కాథలిక్ పాద్రీ. అదొక పెద్ద సహకార సామ్రాజ్యమైంది. ఫెర్రర్ దేశస్థులకు చేతనైంది మనకు ఎందుకు చేతకాదు?

మంగళూరు_పెంకు:
ఆ పాద్రీ ఏం చేశాడో వరస చూడండి. 1943లో సాంకేతిక పాఠశాల పెట్టాడు. అందులో చదివిన ఐదుగురు 1956లో తమ సొంత వర్క్‌షాప్ పెట్టుకున్నారు. 1959లో సహకార బ్యాంకు. బడికీ ఫ్యాక్టరీకీ మధ్య పదమూడేళ్లు. పాద్రీ యజమాని కాలేదు. 2013లో ఫాగోర్ గృహోపకరణాల యూనిట్ దివాలా తీసినప్పుడు మిగతా సహకార సంఘాలు ఆ కార్మికుల్లో చాలామందికి చోటిచ్చాయి. ఆసుపత్రిని దాని లాభానికి కట్టేసి ఉంటే ఆ ఏడాది రోగులు ఏమయ్యేవాళ్లు?

రత్నగిరి:
ఆ లెక్కన ఆర్‌డీటీ బళ్లలో చదివిన పిల్లలే మన పాఠశాల దశ. ఇప్పుడు వాళ్లలో ఇంజినీర్లున్నారు, నర్సులున్నారు. కాకపోతే వాళ్లు వర్క్‌షాప్ అనంతపురంలో పెట్టలేదు, ఉద్యోగాలకు హైదరాబాద్, బెంగళూరు వెళ్లారు. తప్పు పట్టను. నేనూ అందులో ఒకడినే.

ఆడిటర్_బాబాయ్:
నా ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు. మొదటి రూపాయి?

పెన్న_ఒడ్డు:
రత్నగిరి లాంటి వాళ్ల దగ్గరి నుంచి. చదువుకుని బయటికెళ్లినవాళ్లు ఎఫ్‌సీఆర్‌ఏతో పని లేని దేశీ డబ్బు ఇవ్వగలరు. దానంగా వద్దు, వడ్డీ లేని అప్పుగా రైతు సంఘానికి. ఆసుపత్రికి దానం, సంఘానికి అప్పు అని విడదీయమంటే సరే, విడదీద్దాం. కానీ మొత్తం దానంతోనే నడవాలంటే మాత్రం ఒప్పుకోను.

రత్నగిరి:
అప్పుగా ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు. మూడేళ్లు వరసగా వాన పడకపోతే ఆ అప్పు మాఫీ చేస్తానని ముందే రాసిస్తా. మిగతావాళ్లు రాస్తారో లేదో మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఈ రాత్రే అడుగుతా. బాబాయ్, ఆ కాగితం ఎలా ఉండాలో ఒక నమూనా పెట్టండి.